ఝాన్సీలక్ష్మి కట్టిన పిలుపు ట్యాగు

ఝాన్సీలక్ష్మి బద్ధకస్తురాలు. ఇది ఆమె వెనకాల ఎవరో అన్న మాట కాదు, నలుగురిలో ఆమే చెప్పుకునే మాట. అయితే అది మంచమెక్కి ముసుగు తన్నే బద్ధకం కాదు. ఒకసారి చేసిన పనిని మళ్ళీ చేయమంటే ఆమెకు ఒళ్ళు మండుకొస్తుంది. రెండోసారి చేయకుండా తప్పించుకోవడానికి మాత్రం ఎంత కష్టమైనా పడుతుంది. ఆ కష్టపడుతున్న సమయంలో చూసినవాళ్ళు ఎంత పనిమంతురాలో అని మురిసిపోతుంటారు. వాళ్ళ మాట ఆమె ఎన్నడూ కాదనలేదు.

కొత్తవలసలో స్టేషనుకి పోయే రోడ్డు మీద వాళ్ళది కిరాణా కొట్టు. తండ్రి సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటే, కొట్టు మీద కూర్చునేది తల్లి పార్వతీదేవి. బడి లేని రోజున పొట్లాలు కట్టే పని ఝాన్సీది. వచ్చిన ప్రతివాళ్ళూ ఆవాలు కాసిని, జీలకర్ర కాసింత, మినప్పప్పు గుప్పెడు, ఎండుమిరపకాయలు నాలుగు అని అడుగుతుంటే, ఒకే మనిషికి అన్ని పొట్లాలు కట్టలేక ఆ పిల్ల ఒకనాడు అన్నీ ఒకే డబ్బాలో కలిపేసి, పోపు పొట్లాలని పేరు పెట్టి వరసగా కట్టి పడేసింది. పార్వతీదేవి ముందు నాలుగు చీవాట్లు పెట్టింది. వారం తిరక్కుండా వీధి వీధంతా "పోపు పొట్లం ఇయ్యమ్మా" అని అడగడం మొదలుపెట్టింది. ఒకసారి మాత్రం ఝాన్సీ ఆవాలు వేయడం మరిచిపోయింది. ఆ రోజు వీధి మొత్తం మీద ఏ ఇంటి పప్పులోనూ ఆవగింజ చిటపటలాడలేదు. సాయంత్రానికి ఆడవాళ్ళందరూ కలిసికట్టుగా వచ్చి కొట్టు ముందు నిలబడ్డారు.

పార్వతీదేవి దగ్గర ఇంకో విద్య ఉండేది. కొట్టుకు వచ్చినవాణ్ణి ఆవిడ ఎన్నడూ ఉత్త పేరుతో పిలిచి ఎరగదు. ఒకరు మావ, ఒకరు అప్ప, ఒకరు చిన్నాన్న. కిరండూలు పోయే రైలు తప్పిపోయి సోడా కోసం వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషైనా సరే, ఏదో ఒక వరస తగిలించి కానీ సోడా కొట్టేది కాదు. "వరస తెలకపోతే బావా అనీ. ఎవుడూ కాదనడు" అని కూతురికి నేర్పింది. నాలుగు వారాలు మొహం చూపించనివాడు వస్తే, "ఏటి బావా, నల్లపూసైపోయావు?" అనేది. పక్క కొట్టులో బియ్యం ఎంత బాగున్నా, ఈ పిలుపు విన్నవాడి కాళ్ళు అటు కదిలేవి కావు.

ఆ పిల్ల పెరిగి ఎం.సి.ఏ. చదివి, పొద్దున్నే పాసింజరెక్కి విజయనగరం వెళ్ళి ఉద్యోగం చేసే రోజులు వచ్చాయి. రెండువేల పదమూడు ప్రాంతం. గంటస్తంభానికి కాస్త అవతల, ఒక బెల్లం, పప్పుల హోల్‌సేల్ కొట్టు మీద మేడలో ఉపేంద్ర అనే ఆయన చిన్న కంప్యూటర్ కంపెనీ నడిపేవాడు. కింద మిరపకాయ బస్తాలు దించిన రోజున పైన అందరూ తుమ్ముతూ పని చేసేవారు. ఉపేంద్ర మంచివాడు, అంతకంటే పిరికివాడు. మేడా, కింది కొట్టూ ఆయన మేనమామ భీమశంకరరావుగారివి. కంపెనీకి ఉన్న ఒకే ఒక్క పెద్ద పనీ ఆయనదే. భీమశంకరరావుగారు అధ్యక్షుడుగా ఉన్న వర్తక సంఘానికి ఉపేంద్ర ఒక వెబ్‌సైటు కట్టిపెట్టాడు. పల్లెల్లో చిల్లరకొట్టువాళ్ళు అందులోకి వచ్చి బెల్లం ఎంత, కందిపప్పు ఎంత అని చూసుకుని సరుకు చెప్పుకోవచ్చు.

ఆ సైటు జావాలో రాసింది. డెబ్బై చిల్లర పేజీలు. ప్రతి పేజీ నెత్తిన "శ్రీయుత ఫలానావారికి స్వాగతం" అని కనబడాలి. ఆ ఒక్క ముక్కా కనబడడానికి పేజీ పేజీలోనూ అదే కోడు గుదిగుచ్చి ఉండేది. ఉండనిస్తే బాగానే ఉండును. కానీ భీమశంకరరావుగారికి మర్యాదల పిచ్చి. ఒక నెల శ్రీయుత అనమంటాడు, మరో నెల గౌరవనీయులు అనమంటాడు. ఎవరి పెళ్ళిశుభలేఖలోనో శ్రీమాన్ అని చూసి వచ్చి, "అదేటో నిండుగా ఉన్నాది, అది ఎట్టండి" అంటాడు. ఆయన ఫోను పెట్టేస్తే, పైన మేడ మీద ఇద్దరు మనుషులు కూర్చుని డెబ్బై పేజీలూ ఒక్కొక్కటే తెరిచి ఒక్క మాట చెరిపి ఒక్క మాట రాయాలి.

ఇద్దరిలో రెండోవాడు దేవేంద్ర. పొందూరు దగ్గర పల్లెలో వరి పండించుకునే జగన్నాధం కొడుకు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది అడగడు. పేజీలు మారుస్తూ మారుస్తూ మెడ పట్టేస్తే, కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ మొదలెట్టేవాడు. ఝాన్సీ కంటే చిన్నవాడు, ఆమెను అప్పా అని పిలిచేవాడు. అతని మెడ చూసి జాలిపడిందో, తన వేళ్ళ మీద తనకే జాలి వేసిందో గానీ, శ్రీమాన్ మళ్ళీ శ్రీయుతగా మారిన రోజున ఝాన్సీలక్ష్మి బల్ల మీద చెయ్యి వేసి "ఇక నా వల్ల కాదు" అంది.

ఆ శనివారం ఆమె ఆఫీసులో ఒక్కతే కూర్చుని సొంత ట్యాగులు కట్టింది. జావా పేజీల్లో ఈ సదుపాయం ఎప్పటి నుంచో ఉంది, వాడుకునే ఓపిక ఉండాలి అంతే. కోడంతా తీసుకెళ్ళి పక్కన ఒక ఫైల్లో పెట్టి, దానికో పేరు పెడతారు. పేజీలో ఆ పేరు మాత్రం రాస్తే చాలు. పేజీ తెరిచినప్పుడు సర్వరు ఆ పేరు చూసి, పక్క ఫైల్లో ఉన్నది నడిపించి, వచ్చిన మాటను ఆ పేరున్న చోట పెట్టేస్తుంది. పోపు పొట్లం అడిగితే లోపల ఏమేం కలిపారో వండేవాళ్ళు చూసుకోనక్కరలేదు కదా, ఇదీ అంతే. ప్రతి ట్యాగుకీ మనుషులకున్నట్టే ఇంటిపేరూ పేరూ రెండూ ఉంటాయి. ఝాన్సీ తన ట్యాగులన్నిటికీ పార్వతి అని ఇంటిపేరు పెట్టింది. పార్వతి పిలుపు అనేది మనిషిని పలకరిస్తుంది. పార్వతి తూకం అనేది కిలోలను బస్తాల్లోకి మారుస్తుంది. పార్వతి తేదీ అనేది తేదీ పక్కన తిథి కూడా చూపిస్తుంది.

పిలుపు ట్యాగుకి మర్యాద అని ఒక గడి పెట్టింది. అందులో ఏ మాట వేస్తే ఆ మాట డెబ్బై పేజీల్లోనూ పలుకుతుంది. మరి ఎవరైనా ఆ గడి ఖాళీగా వదిలేస్తే? మామూలు మనిషైతే అక్కడ ఏమీ రాకుండా చేసి ఊరుకునేది. కొత్తవలస కొట్టులో పుట్టి పెరిగిన పిల్లకి, మనిషిని ఉత్త పేరుతో పిలవడమంటే మొహాన తలుపు వేసినట్టు ఉంటుంది. అందుకని, గడి ఖాళీగా ఉంటే "ఏటి బావా, నల్లపూసైపోయావు?" అనాలని రాసి, తనలో తను కిసుక్కున నవ్వుకుని ఫైలు మూసేసింది. ఖాళీగా ఎవరొదుల్తారులే అనుకుంది.

సోమవారం పొద్దున్నే ఈ సంగతి ఉపేంద్రకి చెప్పి మెప్పు కొట్టేద్దామని ఆమె మెట్లెక్కుతోంది. లోపల ఉపేంద్ర ఫోనులో ఎవరితోనో తన గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. "ఒక్క సైటు మీద ఇద్దర్ని ఎలగ మొయ్యమంటావు? ఈ పేజీలు మార్చే బెడద లేకపోతే ఒక్క మనిషితో నెట్టుకొచ్చేద్దును. అప్పుడు దేవేంద్రకి ఏదో ఒకటి సెప్పి పంపించీడమే" అంటున్నాడు.

ఝాన్సీ మెట్ల మీదే ఆగిపోయింది. దేవేంద్రకి ఆ మధ్యే మేనమామ కూతురు కుమారితో పెళ్ళి కుదిరింది. మామ పెట్టిన షరతు ఒక్కటే, పిల్లని ఎండలో తిరిగే పనివాడికి ఇవ్వను, కుర్చీలో కూర్చునే ఉద్యోగస్తుడికే ఇస్తాను అని. దేవేంద్రకి కుమారి అంటే ప్రాణం. ముహూర్తం వైశాఖంలో. అప్పటిదాకా ఆ కుర్చీ కదలకూడదు. తన పోపు పొట్లం వల్ల ఒకడి పెళ్ళి చెడుతుందని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు.

లోపలికి వెళ్ళాక, "శ్రీమంతులు అని మార్చమన్నారుట మావయ్య, ఎన్నాళ్ళు పడతాది?" అని ఉపేంద్ర అడిగితే, ఝాన్సీ నిట్టూర్చి, నుదురు రుద్దుకుని, "వారం అయినా పడతాదండి" అంది. ఆ మార్పు ఆమె నిట్టూర్చేలోగానే అయిపోయేది.

ఒక చిక్కు మిగిలింది. దేవేంద్ర తన వంతు పేజీలు తెరిస్తే కోడు కనబడదు, ట్యాగు కనబడుతుంది, గుట్టు బయటపడుతుంది. అందుకని ఝాన్సీ పాత పేజీలన్నిటినీ ఇంకో చోట కాపీ చేసి, "నువ్వు ఇందులో మార్చు, నేను తరవాత సైటులో పెడతాను" అని అతనికి అప్పగించింది. ఆ పేజీలు ఏ సైటులోనూ లేవు, ఎవరూ చూడరు. దేవేంద్ర వారమల్లా వాటిని మార్చేవాడు. ఝాన్సీ వారమల్లా కొత్త ట్యాగులు కట్టుకునేది, పల్లీలు తినేది, కింద కొట్టులో బెల్లం ముక్క అడిగి తెచ్చుకునేది. పాపం అనిపించినప్పుడు అతనికీ ఒక ముక్క పెట్టేది. బస్తాకి గోతాం బరువు తీసి చూపే ట్యాగు ఒకటి, పండగరోజున పేజీకి మామిడితోరణం కట్టే ట్యాగు ఒకటి, ఇలా ఆమె డబ్బాలో రకరకాలు పోగయ్యాయి. ఇంత ఘనకార్యం చేస్తూ ఒక్కడికీ చెప్పుకోలేకపోవడం ఆమెకు కడుపుబ్బరంగా ఉండేది. అయినా దేవేంద్ర కుర్చీ కాపాడుతున్నానని తనలో తనకు గొప్పగా ఉండేది. తెలివైనవాళ్ళకు ఉండే జబ్బే అది, తాము చేసే మేలు ఎదుటివాడికి తెలియకుండా చేస్తేనే వాళ్ళకు ఎక్కువ రుచి.

మాఘమాసంలో వర్తక సంఘం సర్వసభ్య సమావేశం పెట్టారు. కల్యాణమండపం అద్దెకు తీసుకుని, సైటుని పెద్ద తెర మీద అందరికీ చూపించాలని భీమశంకరరావుగారి ముచ్చట. వారం ముందు ఫోను చేసి, "ఇప్పుడున్న మాట తీసీండి. కొత్త మాట ఒకటి ఆలోసిస్తన్నాను. అది నాను వేదిక మీదే సెప్తాను, అప్పుడు ఎట్టుదురు గాని" అన్నాడు. ఝాన్సీ అలవాటు ప్రకారం నిట్టూర్చి, వారం గడువు అడిగింది. ఆరు రోజులు పల్లీలు తింది. సమావేశం రోజు పొద్దున్న, ఇంకా ఆటో ఎక్కకముందు, మర్యాద గడిలో ఉన్న మాట చెరిపేసి చేతులు దులుపుకుంది. ఒక్క పేజీ తెరిచి చూసుకుంటే సరిపోయేది. ఒక్కచోట మారిస్తే అంతటా మారేదాన్ని మళ్ళీ చూడడమెందుకని ఆమె బద్ధకం ఆమెకు చెప్పింది. ఎన్నో నెలల కిందట నవ్వుకుంటూ రాసిన ముక్క ఆమెకు గుర్తే లేదు.

మండపం కిటకిటలాడిపోతోంది. శృంగవరపుకోట నుంచీ, పార్వతీపురం నుంచీ చిల్లరకొట్టువాళ్ళు వచ్చారు. వెనక వంటశాలలోంచి పులిహోర వాసన వస్తోంది. భీమశంకరరావుగారు పట్టుకండువా సవరించుకుని, తన పేరు కొట్టి సైటులోకి ప్రవేశించారు. తెర మీద అరచేతంత అక్షరాలతో ఇలా పడింది.

"ఏటి బావా, నల్లపూసైపోయావు?"

వెనక వరసలో ఎవరో కిచకిచమన్నారు. భీమశంకరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పేజీ తప్పుగా తెరిచానేమోనని ఇంకోటి నొక్కారు. బెల్లం ధరల పేజీ వచ్చింది. నెత్తిన బావా అనే ఉంది. సరుకు చెప్పుకునే పేజీ నొక్కారు. అక్కడా బావే. చివరికి ఫిర్యాదుల పేజీ నొక్కారు. అది కూడా ఆయన్ను నల్లపూసైపోయావేమని అడిగింది. ఇక మండపం ఆగలేదు. శృంగవరపుకోట నుంచి వచ్చిన ఎర్రన్న అనే మిల్లు వర్తకుడు లేచి నిలబడి, "ఏటి బావా, మాకు అగుపడకుండా ఎక్కడికెల్లిపోనావు?" అన్నాడు. నవ్వి నవ్వి కొందరికి పొరబోయింది.

నవ్వు రావాల్సిన చోట నవ్వు రాకపోవడం ఝాన్సీలక్ష్మికి అదే మొదటిసారి.

"ఏట్రా ఉపేంద్రా ఇది?" భీమశంకరరావుగారి మొహం కందగడ్డలా అయింది. "పెతీ పేజీలోనూ ఇలగే ఏడిసిందేటి? తీయించు. ఇప్పుడే తీయించు."

ఉపేంద్ర తను నమ్మిన నిజమే చెప్పాడు. "డెబ్బై పేజీలు మావయ్యా. వారం పడతాది."

"వారమా! వారం రోజులు ఈ జిల్లాలో పెతీ కొట్టోడూ నన్ను బావా అంటాడేటి? ఇస్తళ్ళు ఏసేలోగా అది పోకపోతే, రేపు ఆ మేడ ఖాళీ సేసీండి. మీ డబ్బాలన్నీ రోడ్డు మీదే ఉంటాయి."

ఝాన్సీ రెండు వైపులా లెక్కవేసుకుంది. ఇప్పుడిక్కడ ఒక్క నిమిషంలో సరిచేస్తే, ఇన్ని నెలలుగా అడిగిన వారాలన్నీ దొంగవారాలని ఉపేంద్రకి తెలిసిపోతుంది. తెలిస్తే రేపటికి దేవేంద్ర కుర్చీ ఉండదు, కుమారి వాళ్ళ నాన్న తాంబూలాలు వెనక్కి పంపేస్తాడు. సరిచేయకపోతే మేడే ఉండదు. రెండిటికీ మధ్య ఏదైనా అబద్ధం దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ, "మేం ఆఫీసుకెళ్ళి కూర్చుంటే... సాయంత్రానికి కొన్ని పేజీలైనా..." అని నసిగింది.

"నీ పనేనా ఇది?" అని ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఉద్యోగం ఇచ్చి కుర్చీలో కూకోబెడితే ఇదా సెయ్యడం? పనీపాటూ లేదేటి నీకు? మీ అమ్మా నాన్నా మనుషుల్ని ఇలగే పిలవమని నేర్పారేటి?"

నేర్పింది మరి వాళ్ళమ్మే. ఆ మాట చెప్పలేక, అంతమంది వర్తకుల ముందు ఝాన్సీ తలవంచుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు దేవేంద్ర లేచాడు. సభలో మాట్లాడడం అలవాటు లేనివాడు, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"వారం అక్కర్లేదు బాబూ. ఒక్క సోట మారిస్తే అంతటా మారిపోతాది. అప్ప ఎప్పుడో అలగ కట్టీసింది."

ఝాన్సీ చటుక్కున తలెత్తి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అతను ఆమె వైపు చూడలేదు.

"అప్పా, పిలుపు ట్యాగులో మర్యాద గడి ఖాళీగా ఉంటే బావా అనమని రాసున్నావు కదా. గడిలో ఏదో మాట ఏసీ. అదే పోతాది."

ఇన్నాళ్ళూ ఎవరూ చూడని పేజీలు మారుస్తూ కూర్చున్నవాడికి ఏ ఫైల్లో ఏ ముక్క ఉందో నోటికి వచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది. వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని, "ఏ మాట వెయ్యమంటారండి?" అంది. భీమశంకరరావుగారు తన ఆలోచన మొత్తం ధారపోసి తెచ్చుకున్న మాట చెప్పాడు. "మహారాజశ్రీ." ఆమె కొట్టింది. తెర కళ్ళార్పినట్టు ఆరి వెలిగింది. బెల్లం ధరల పేజీలో మహారాజశ్రీ. సరుకు పేజీలో మహారాజశ్రీ. ఫిర్యాదుల పేజీ కూడా మహారాజశ్రీ అంది. జనం చప్పట్లు కొట్టారు. విస్తళ్ళు ఇంకా తడిపి తుడవనేలేదు.

భీమశంకరరావుగారికి కోపం ఎటు పోయిందో తెలియదు. "ఇంత సులువేటి? అలగైతే మహారాజరాజశ్రీ అని ఎట్టి సూడు" అన్నాడు. పెట్టింది. "బాగులేదు. మళ్ళీ పాతదే ఎట్టు." పెట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా మరో రెండు మార్పులు చేయించుకుని గానీ వేదిక దిగలేదు. ఉపేంద్ర మాత్రం ఒక మూల నిలబడి, పెదాలు కదుపుతూ, గడిచిపోయిన వారాలన్నీ లెక్కపెట్టుకుంటున్నాడు.

ఝాన్సీ దేవేంద్రని వంటశాల వెనక్కి లాక్కుపోయింది.

"నీకు ఎప్పటినించి తెలుసు?"

"మొదటి వారంలోనే అప్పా. ఒక పేజీలో తప్పు కొట్టీసి, భయపడి సైటు తెరిసి సూసాను. అక్కడ ఆ తప్పు నేదు. ఇదేటని ఎతికితే నీ ట్యాగులు అగుపడ్డాయి. సదువుకున్నాను. బాగున్నాయి. నానూ రెండు కట్టి సూసుకున్నాను."

"మరి ఆ ఉత్త పేజీలు అన్ని నెలలు ఎందుకు మార్చావు? నోరు తెరిచి అడగొచ్చు కదా!"

"నీకు రెస్టు గావాల అనుకున్నాను. బయటెట్టీస్తే నీ గుట్టు పోతాది కదా, అందికే ఊరుకున్నాను."

తను అతన్ని కాపాడుతున్నాననుకుంటే, అతను తనను కాపాడుతూ వచ్చాడు. ఝాన్సీ అసలు సంగతి చెప్పేసింది. "పిచ్చోడా, పని తగ్గితే నిన్ను పంపించేస్తానని ఉపేంద్రగారు అంటే విన్నాను. నీ పెళ్ళయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఇప్పుడు నీ చేతులతో నువ్వే చెడగొట్టుకున్నావు."

దేవేంద్ర మొహం పాలిపోయింది. "ఈ సంగతి తెల్దు నాకు" అన్నాడు. తరవాత, "తెలిసినా ఊరుకోనేకపోదును అప్పా. అందరి ముందూ నిన్ను అన్నన్ని మాటలంటంటే, కుర్చీ పట్టుకుని కూకుంటే మనిషినే కాను కదా" అన్నాడు.

ఝాన్సీ ఏడ్చింది. ఉల్లిపాయలు తరుగుతున్న ఆవిడ పక్కనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో ఉపేంద్ర వచ్చాడు. తిడతాడనుకుని ఇద్దరూ నిలువుకర్రల్లా నిలబడ్డారు. ఆయన తిట్టలేదు. పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఝాన్సీ, నాకొక్కటి సెప్పు. ఇవే ట్యాగులు ఇంకో సైటులో పెడితే పని చేస్తాయా?"

"చేస్తాయండి. అందుకే అలా కట్టాను. ఎక్కడ పెట్టినా అవే."

"ఓర్నాయనో. పొందూరు ఖద్దరు నేతగాళ్ళు సైటు కావాలని వచ్చారు. మీ ఇద్దరికీ వారాలకి వారాలు పేజీలు మార్చడమే సరిపోతన్నాదని పంపించీసాను. ఎర్రన్న మిల్లుకని వచ్చాడు, పంపించీసాను. మొన్న కొత్తవలస నించి వచ్చినోళ్ళకి మా పిల్లలు పనితో చచ్చిపోతన్నారని సెప్పి, టీ ఇచ్చి పంపించీసాను. ఒక్క సైటుతో ఇద్దర్ని ఎలగ మొయ్యాలో తెలీక రాత్రులు నిద్రపట్టక చచ్చాను కదే!"

ఝాన్సీకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. దేవేంద్ర కుర్చీ ఊగుతున్నది పని లేక. పని రాకుండా వీధి తలుపు మూసింది తను అడిగిన వారాలు. ట్యాగు కట్టిందే మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికైతే, దాన్ని ఒక్క సైటులో దాచి పైన కూర్చుని పల్లీలు తింది. మెట్లెక్కిన రోజునే నోరు విప్పి చెప్పుంటే ఈ కుర్చీకి ఏ భయమూ ఉండేది కాదు. తన తెలివి మీద తనకున్న నమ్మకం అంతా ఆ పూట పొయ్యిలో పడింది. సిగ్గుతో ఆ మధ్యాహ్నం ఆమె పులిహోర రెండోసారి అడగలేదు.

ఉపేంద్ర అక్కడికక్కడే లోపలికి పరిగెత్తి, పాయసం తాగుతున్న ఎర్రన్నని పట్టుకున్నాడు. ఫాల్గుణం వచ్చేసరికి పార్వతి ఇంటిపేరుతో ట్యాగులు మిల్లు సైటులో బియ్యం తూకం వేస్తున్నాయి, నేతగాళ్ళ సైటులో ఖద్దరు పంచెలు మూరల్లో కొలుస్తున్నాయి. దేవేంద్ర కట్టిన రెండు ట్యాగులూ వాటితో పాటే చేరాయి. మేడ మీద మూడో కుర్చీ వేశారు, అందులో కూర్చునే మనిషి కోసం ఇంకా వెతుకుతున్నారు. ఎర్రన్న మాత్రం తన సైటులో శ్రీయుతలూ మహారాజశ్రీలూ వద్దని, మర్యాద గడి ఖాళీగా వదిలెయ్యమని పట్టుబట్టాడు. ఆ మిల్లు ఖాతాదార్లందరినీ సైటు బావా అనే పిలుస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

వైశాఖంలో పెళ్ళి జరిగింది. జరగడం మాత్రం తంటాలు పడుతూ జరిగింది. పని లేక కుర్చీ పోతుందనుకున్న పెళ్ళికొడుక్కి ఇప్పుడు పెళ్ళికి సెలవు దొరకలేదు. కాళ్ళూ వేళ్ళూ పట్టుకుంటే ముందురోజు వదిలాడు ఉపేంద్ర. తలంబ్రాలు పోసుకుంటుండగా ఒకసారి, అరుంధతిని చూపిస్తుండగా ఒకసారి దేవేంద్ర జేబులో ఫోను మోగింది. నేతగాళ్ళ సైటులో కొలత ట్యాగు మూరకు బదులు గజం చూపిస్తోందిట. అది దేవేంద్ర కట్టిందే.

పందిట్లో ఝాన్సీలక్ష్మి అక్షింతలు వేయడానికి వంగితే, పెళ్ళికూతురు కుమారి ఆమె చెయ్యి పట్టి ఆపింది. పిల్ల కళ్ళు పెద్దవి, గొంతు అంతకంటే పెద్దది.

"నువ్వేనా అప్పా ఆ ట్యాగులు కట్టినావిడివి? పని తగ్గించడానికి కట్టీవని సెప్పినాడు. ఏటి తగ్గింది? పీటల మీద కూకున్నోడు పక్కనున్న నన్ను సూడ్డం నేదు, జేబునే సూస్తన్నాడు. నాను కుర్చీ ఉద్యోగస్తుణ్ణి సేసుకున్నానేటి, కుర్చీని సేసుకున్నానేటి?"

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. దేవేంద్ర సిగ్గుతో తలొంచుకున్నాడు. మళ్ళీ ఫోను మోగింది. ఝాన్సీలక్ష్మి చెయ్యి చాపి పెళ్ళికొడుకు జేబులోంచి దాన్ని తీసుకుని, "ఉపేంద్రగారూ, ఝాన్సీని. నాతో చెప్పండి, నేను చూస్తాను" అంటూ పందిరి దాటింది. సిగ్నలు దొరికిన గడ్డివాము పక్కన గోనెపట్టా పరుచుకుని, సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. ఇంకొకరు చేసిన పనిని మొదటి నుంచి వరస వరసా చదివి సరిచేయడం ఆమెకు బొత్తిగా గిట్టని పని. ఎండలో కూర్చుని, చెమట తుడుచుకుంటూ, ఆ రోజు అదే చేసింది. భోజనాలు మొదలయ్యాయి, వీధి కుక్కలు కూడా విస్తళ్ళ దగ్గరికి చేరాయి, ఆమె తలెత్తలేదు.

కాసేపటికి కుమారి కొత్తచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అక్కడికి వచ్చింది. వెనకాల ఒకామె విస్తరి తెచ్చింది. విస్తరి ఝాన్సీ ముందు పెట్టించి, బూరె మీద నెయ్యి తనే వేసింది.

"తిని సెయ్యి అప్పా" అంది. "అర్థం కాపోతే రాత్రయినా కూకో. ఆయన్ని మాత్రం పిలవకు."